సుబేదారి ఆర్ట్స్ కాలేజీ ఎవరిది? కేయూ కింద డిగ్రీ కాలేజీల సంగతి

రేగొండ వైపు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "సార్, మా బాబుకు ఇంటర్ బైపీసీలో 800 దాటాయి. హనుమకొండలో బీఎస్సీ చదివించాలని ఉంది. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ అంటే కాకతీయ యూనివర్సిటీయేనా, వేరా? ప్రైవేటు కాలేజీ వాళ్లు ఊళ్లోకి వచ్చి మాదీ కేయూ సర్టిఫికెట్టే, రూపాయి కట్టనక్కర్లేదు, ఆప్షన్లు కూడా మేమే పెడతాం అంటున్నారు. నమ్మొచ్చా? రేపు పీజీ అక్కడే దొరుకుతుందా?"

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. దోస్త్ (డిగ్రీ సీట్లు నింపే ఆన్‌లైన్ విధానం, అందులో కోరుకున్న కాలేజీలను వరసగా పెట్టుకోవడమే ఆప్షన్లు) వచ్చాక ప్రతి వేసవీ నన్ను హెల్ప్ డెస్కులోనే కూర్చోబెట్టేవాళ్లు. ఈ ప్రశ్నలు నాకు కొత్తవి కావు. అయితే మీరు అడిగిన వరసలో కాకుండా నా వరసలో చెప్తాను.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఏ డిగ్రీ కాలేజీ గురించి విన్నా మూడు సంగతులు విడివిడిగా అడగాలి. కాలేజీ ఎవరిది, పరీక్ష పెట్టేది ఎవరు, డిగ్రీ పట్టా మీద ఎవరి పేరు ఉంటుంది. ఈ మూడూ ఒకరే కానక్కర్లేదు. మనవాళ్లు మూడో దాని గురించి మాత్రమే అడుగుతారు. ప్రైవేటు కాలేజీ మనిషి కూడా దానికే జవాబు చెప్పి వెళ్లిపోతాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కేయూ గుర్తింపు ఉన్న ఏ కాలేజీలో చదివినా పట్టా కాకతీయ విశ్వవిద్యాలయానిదే. కానీ మీ బాబు మూడేళ్లు కూర్చునేది పట్టాలో కాదు, తరగతి గదిలో.

మన దగ్గర ఈ గందరగోళానికి సగం కారణం "కాకతీయ" అనే పేరే. కాకతీయ యూనివర్సిటీ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కాకతీయ మెడికల్ కాలేజీ ప్రభుత్వానిదే, కానీ దాని డిగ్రీలు ఇచ్చేది కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, కేయూ కాదు. కిట్స్ పేరులోనూ కాకతీయ ఉంది. అది ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ, కేయూకు అనుబంధం. హనుమకొండ కాకతీయ ప్రభుత్వ కాలేజీ, మనం కేడీసీ అనేది, రాష్ట్ర కళాశాల విద్యాశాఖ నడిపేది. అదీ కేయూకు అనుబంధమే. ఇక 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ, అంటే రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, 2002లో ఎన్ఐటీ అయింది. అది పూర్తిగా కేంద్రానిది, మన దోస్త్‌కూ దానికీ సంబంధమే లేదు. ఒకే ఊళ్లో ఇన్ని ఉంటే తికమక పడటంలో మీ తప్పేమీ లేదు.

ఇక సుబేదారి ఆర్ట్స్ కాలేజీ. పూర్తి పేరు యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ. ఇది కేయూ సొంత కాలేజీ, అంటే యూనివర్సిటీయే యజమాని. ప్రిన్సిపాల్‌ను వేసేది, అధ్యాపకులకు జీతమిచ్చేది, పట్టా ఇచ్చేది అన్నీ యూనివర్సిటీయే. అయినా యూనివర్సిటీ క్యాంపస్‌లో మాత్రం లేదు. క్యాంపస్ విద్యారణ్యపురిలో, నయీంనగర్ దాటి కరీంనగర్ రోడ్డు వైపు ఉంటుంది. ఆర్ట్స్ కాలేజీ కాజీపేట వెళ్లే దారిలో, అదాలత్ దాటాక సుబేదారిలో. ఏటా కొందరు కేయూ క్రాస్‌లో దిగి ఆర్ట్స్ కాలేజీ ఎక్కడని అడిగి, మళ్లీ ఆటో ఎక్కి వెనక్కి వస్తుంటారు. పరకాల బస్సులో వచ్చి హనుమకొండ బస్టాండులో దిగితే కాజీపేట వైపు పోయే బస్సు గానీ షేర్ ఆటో గానీ ఎక్కండి.

తమాషా ఏంటంటే, కాలేజీ వయసు యూనివర్సిటీ కంటే ఎక్కువ. ఆర్ట్స్ కాలేజీ 1927లో ఇంటర్మీడియట్ కాలేజీగా పుట్టింది. అప్పుడు నిజాం రాజ్యం, దీనికి పైన ఉన్నది 1918లో పెట్టిన ఉస్మానియా. పాఠాలు ఉర్దూలో. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులతో పాటు వరంగల్ విద్యార్థులనూ బయటికి పంపారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. పీవీ నరసింహారావు గారు అలా వరంగల్ నుంచి వెళ్లినవారే. తెలుగు జిల్లాలో పుట్టి, ఉర్దూలో చదివి, మరాఠీ గడ్డ మీద చదువు పూర్తిచేసిన ఆయనకు అన్ని భాషలు ఎలా వచ్చాయని ఆశ్చర్యపడక్కర్లేదు.

యూనివర్సిటీ ఆ తర్వాత చాలా కాలానికి వచ్చింది. 1960ల చివర్లో ఉస్మానియా వాళ్లు వరంగల్‌లో పీజీ సెంటర్ పెట్టారు. వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు ఎంఏ, ఎమ్మెస్సీ కోసం హైదరాబాద్ పోవలసిన అవసరం దాంతో కొంత తగ్గింది. ఆ సెంటరే పెరిగి 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయం అయింది. అప్పుడు ఆ నాలుగు జిల్లాలూ దాని కిందే. 2008లో కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ పెట్టాక ఆ జిల్లా విడిపోయింది. అంతకు రెండేళ్ల ముందే నిజామాబాద్ జిల్లాకు డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడు కేయూకు ఉమ్మడి వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ మిగిలాయి. మ్యాపులో చూస్తే మధ్యలో కరీంనగర్‌ను వదిలేసి అటూ ఇటూ ఉంటుంది. ఆదిలాబాద్‌లో చదివే పిల్ల మార్కుల మెమోలో పేరు తప్పు పడితే, ఆన్‌లైన్లో పని కాకపోతే, శాతవాహన పరిధి మొత్తం దాటుకుని హనుమకొండ పరీక్షల విభాగానికి రావాలి. మీకు ఆ బాధ లేదు.

తెలంగాణ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ సార్ 1991 నుంచి 1994 దాకా ఇక్కడ వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. ఆ రోజుల సంగతులు మొదలుపెడితే ఈ జవాబు తెల్లారదు గానీ, తెలంగాణ ఉద్యమంలో ఈ క్యాంపస్‌కు ఎందుకంత పేరు వచ్చిందో అర్థం కావాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పైన ఎవరుంటారు అంటారా. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నర్ చాన్సలర్. వీసీని సెర్చ్ కమిటీ ఇచ్చిన పేర్ల నుంచి నియమిస్తారు. అడ్మిషన్లు, కోర్సుల తీరు అన్ని యూనివర్సిటీలకూ ఒకేలా ఉండేలా చూసేది ఉన్నత విద్యామండలి. కేడీసీ, వడ్డేపల్లి పింగళి మహిళా కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీల్లో లెక్చరర్లు సర్వీస్ కమిషన్ ద్వారా వచ్చి బదిలీల మీద తిరిగేవాళ్లు. వాళ్ల పైఅధికారి కళాశాల విద్య కమిషనర్. యూనివర్సిటీకి వాళ్ల మీద సిలబస్, పరీక్షల వరకే అధికారం, అటానమస్ కాలేజీల్లో అదీ తక్కువే. ఇవి మీకెందుకంటే, రేపు ఏదైనా ఇబ్బంది వస్తే ఏ ఆఫీసు గడప తొక్కాలో దీన్నిబట్టే తెలుస్తుంది. స్కాలర్‌షిప్ ఆగితే యూనివర్సిటీకి పోయి లాభం లేదు, అది కాలేజీ నుంచి సంక్షేమ శాఖకు పోయే ఫైలు. మెమో తప్పయితే కాలేజీలో ఎంత మొత్తుకున్నా చివరికి పరీక్షల విభాగమే దిద్దాలి.

ఇక్కడ "అటానమస్" అనే మాట కూడా వినపడుతుంది. కేడీసీ, పింగళి రెండూ అటానమస్. అంటే సిలబస్‌లో మార్పులు చేసుకోవడం, ప్రశ్నపత్రం తయారుచేయడం, పేపర్లు దిద్దడం కాలేజీ చేతిలోనే ఉంటాయి. పట్టా మాత్రం కేయూ ఇస్తుంది. దీనివల్ల ఫలితాలు తొందరగా వస్తాయి. పరీక్ష పెట్టేవాడు పాఠం చెప్పినవాడే కాబట్టి పిల్లలకు టెన్షన్ కొంచెం తక్కువ. నా వరకైతే అదే దాని బలహీనత కూడా. బయటి ప్రశ్నపత్రం రాసిన అనుభవం లేని పిల్లలు పోటీ పరీక్షలో ఒక్కసారిగా తడబడతారు. ఈ మాటకు నా పాత మిత్రులు ఒప్పుకోరు.

అసలు విషయానికి వస్తాను. ఆర్ట్స్ కాలేజీ మంచిదా, కేడీసీ మంచిదా, ప్రైవేటా అని అడిగితే, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ పిల్లాడికి నేను చూసేది ల్యాబ్. మీరు ఆగస్టు, సెప్టెంబర్లలో ఏదో ఒక పనిదినం మధ్యాహ్నం పూట ఏ కాలేజీకైనా పోయి బోటనీ ల్యాబ్ ఎక్కడని అడగండి. తాళం ఉందా, తీసి ఉందా? తాళంచెవి ఎవరి దగ్గరుందో అటెండర్‌కు వెంటనే తెలిస్తే ఆ ల్యాబ్ వాడుతున్నట్టు. లోపలికి పోతే మైక్రోస్కోపుల మీద కవర్లు తీసి ఉండాలి, బల్ల మీద స్లైడ్లు ఉండాలి. కెమిస్ట్రీ ల్యాబ్ అయితే ఇంకా సులువు. సింకులో పడేసిన లిట్మస్ ముక్కలు, బ్యూరెట్ స్టాండ్ల కింద మరకలు, వాసన. పని జరిగే ల్యాబ్ శుభ్రంగా మెరిసిపోదు. తళతళలాడుతూ, సీసాల మూతలు కూడా విప్పకుండా ఉందంటే తనిఖీ కోసం సర్దారని అర్థం. అడ్మిషన్ల సమయానికి క్లాసులు మొదలుకావు కదా అంటారేమో. పోయిన ఏడాది ఫస్టియర్ చదివిన పిల్లల్ని పట్టుకుని ప్రాక్టికల్ రికార్డు చూపించమనండి. పది ప్రయోగాలూ ఒకే సిరాతో, ఒకే రోజు రాసినట్టు ఉంటే మీకే తెలిసిపోతుంది.

ఈ లెక్కన పాత ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీలకు ఒక సౌలభ్యం ఉంది. ల్యాబులు, లైబ్రరీ, గ్రౌండు ఎప్పటి నుంచో ఉన్నాయి. అద్దె భవనంలో మూడో అంతస్తులో నడిచే కాలేజీకి అవి ఎక్కడివి? అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. రాష్ట్రంలో యూనివర్సిటీ అధ్యాపకుల నియామకాలు ఏళ్ల తరబడి జరగలేదు. రిటైరైన వాళ్ల స్థానంలో కాంట్రాక్టు, పార్ట్ టైమ్ వాళ్లే నెట్టుకొస్తున్నారు. వాళ్లలో బంగారం లాంటి టీచర్లున్నారు, కానీ జీతం కోసం ధర్నా చేయవలసి వచ్చిన వారం పాఠం జరగదు. ప్రభుత్వ కాలేజీలోనూ గెస్ట్ లెక్చరర్ల సమస్య ఉంది. కాబట్టి కాలేజీ పేరు మీద కాకుండా, మీ బాబు తీసుకునే సబ్జెక్టు కాంబినేషన్‌కు ఎవరు పాఠం చెప్తారో అడగండి. బోటనీకి పర్మనెంట్ వాళ్లున్నారా, జువాలజీకి ఎవరు, కెమిస్ట్రీకి ఎవరు. నోరు తెరిచి అడిగితే చెప్తారు. అడిగే తల్లిదండ్రులు తక్కువ కాబట్టి మర్యాదగానే చెప్తారు.

ఇంకొకటి. రేగొండ మీ ఊరు కాబట్టి పరకాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీని అప్పుడే కొట్టిపారేయకండి. రోజూ ఇంటి నుంచి వెళ్లిరావచ్చు, పట్టా అదే కేయూది. ఆర్ట్స్ కాలేజీలో చేర్చి రోజూ హనుమకొండ బస్సులో తిప్పితే పొద్దున మొదటి పీరియడ్ పోతుంది, సాయంత్రం లైబ్రరీ పోతుంది. హనుమకొండే కావాలంటే హాస్టల్ దొరికితేనే పంపండి. యూనివర్సిటీ హాస్టళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు, వాటికి పీజీ పిల్లల తాకిడే ఎక్కువ. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు హనుమకొండలో ఉన్నాయి. భోజనాలకు ప్రభుత్వం ఇచ్చే డైట్ ఛార్జీ 2024లో నెలకు 1500 నుంచి 2100 రూపాయలకు పెంచారు. ఆ హాస్టళ్లలో సీట్లు కూడా పరిమితమే. దోస్త్‌లో సీటు ఖాయం కాగానే మర్నాడే దరఖాస్తు పెట్టాలి, పండగయ్యాక చూద్దాం అంటే కుదరదు.

ఇప్పుడు ఊళ్లోకి వచ్చిన మనిషి సంగతి. "రూపాయి కట్టనక్కర్లేదు" అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని. అర్హత మీకుంటే వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఏడాది ఆదాయం 2 లక్షల లోపు, బీసీ, ఈబీసీలకు పల్లెల్లో 1.5 లక్షల లోపు, పట్టణంలో 2 లక్షల లోపు ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. కానీ ప్రభుత్వం ఆ డబ్బు కాలేజీకి ఎప్పుడు ఇస్తుందన్నదే చిక్కు. బకాయిలు పేరుకుని ప్రైవేటు కాలేజీలు మూసివేతల దాకా, పరీక్షల బహిష్కరణ దాకా వెళ్లడం మనం ఈ మధ్య పేపర్లలో చూశాం. వాళ్ల బాధ నిజమే. కానీ చివర్లో ఆ భారం ఎవరి మీద పడుతుంది? కోర్సు అయిపోయి టీసీ, మెమోలు అడిగేసరికి "రీయింబర్స్‌మెంట్ రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి, వచ్చాక తిరిగిస్తాం" అంటారు. ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఎల్లుండి అనగా అప్పుచేసి కట్టిన తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీలో రెగ్యులర్ కోర్సు ఫీజే తక్కువ కాబట్టి, రాకపోయినా కట్టుకోగలిగినంతే ఉంటుంది. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సయితే మాత్రం అక్కడా ఫీజు అడిగి తెలుసుకోండి.

"ఆప్షన్లు మేమే పెడతాం" అన్నది మరీ ప్రమాదం. అది ఎలా జరుగుతుందో చెప్తాను. ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొస్తారు. ఆధార్ నంబరు అడుగుతారు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడుగుతారు, 200 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు కూడా వాళ్లే కడతారు. పిల్లాడికి చాక్లెట్ ఇచ్చినంత సంబరం. ఆ దోస్త్ ఐడీ, పిన్ వాళ్ల ఫోనులోనే ఉంటాయి. వెబ్ ఆప్షన్లలో వాళ్ల కాలేజీ ఒక్కటే పెడతారు, లేదా దాన్నే పైన పెట్టి ఇంకేవో రెండు కింద పడేస్తారు. అలాట్‌మెంట్ వచ్చాక 800 మార్కులు వచ్చిన పిల్లాడు ఎవరికీ తెలియని కాలేజీలో తేలతాడు. మా డెస్క్ దగ్గరికి వచ్చి "నేను ఆర్ట్స్ కాలేజీ పెట్టమన్నాను సార్" అని ఏడ్చిన పిల్లలున్నారు. లాగిన్ చేసి చూస్తే ఆర్ట్స్ కాలేజీ జాబితాలోనే ఉండదు. ఓటీపీ ఇవ్వడమంటే సంతకం పెట్టిన తెల్లకాగితం ఇవ్వడమే.

కాబట్టి మీరే చేసుకోండి, కష్టమేమీ కాదు. బాబు ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ అయి ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. హెల్ప్ డెస్కులకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ ఒక్క కారణంతోనే వస్తారు. పాత సిమ్ పోయి ఉంటుంది, తాత నంబరు ఉంటుంది. కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రాలు మీసేవలో ముందే తీసి పెట్టుకోండి. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగుల కోటా ఏదైనా ఉంటే ఆ పత్రాలు వెరిఫికేషన్ తేదీకి తీసుకెళ్లాలి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. కంప్యూటరు పైనుంచి కిందికి చూస్తుంది. మీ మార్కులకూ రిజర్వేషన్‌కూ మొదట ఏది దొరికితే అది ఇచ్చేస్తుంది. పైదానికి రాకపోతే కిందిదానికి పోవడమే గానీ, పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు కింది సీటు పోదు. కాబట్టి రాదేమో అన్న భయంతో కోరుకున్నది కింద పెట్టకండి. కాలేజీ ఒక్కటే కాదు, సబ్జెక్టుల కాంబినేషన్ కూడా ఆప్షన్‌లో భాగమే. ఆర్ట్స్ కాలేజీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఒక ఆప్షన్, అక్కడే మరో కాంబినేషన్ ఉంటే అది వేరే ఆప్షన్. జిల్లా పేర్లు మారాయి కాబట్టి వెతికేటప్పుడు హనుమకొండ కిందా చూడండి, వరంగల్ కిందా చూడండి. మొదటి విడతలో సీటొస్తే ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నామని తెలపడం) మర్చిపోవద్దు, చేయకపోతే సీటు పోతుంది. చేసి ఉంచుకుని రెండో విడతలో మెరుగైన దానికి మళ్లీ ప్రయత్నించవచ్చు. కానీ రెండో విడతలో కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, రెండూ చేతిలో ఉంచుకోవడం కుదరదు. చివర్లో వచ్చే స్పాట్ అడ్మిషన్ల కోసం మాత్రం ఎదురుచూడకండి, వాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు.

బైపీసీ కాబట్టి ఒక పక్క మాట. బాబు ఎప్‌సెట్ రాసి ఉంటే బీఎస్సీ ఒక్కటే దారి అనుకోకండి. కేయూ క్యాంపస్‌లో ఫార్మసీ కాలేజీ ఉంది, పాతది, పేరున్నది. బీఫార్మసీ సీట్లు దోస్త్‌లో కాదు, ఎప్‌సెట్ ర్యాంకు మీద నింపుతారు. రెండు కౌన్సెలింగులూ వేర్వేరు సమయాల్లో జరుగుతాయి కాబట్టి దోస్త్ సీటు చేతిలో పెట్టుకుని దాని కోసం చూడవచ్చు. అయితే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడ ఇస్తున్నారో చూసుకోండి, ఒకచోట ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం తలనొప్పి.

చివరగా పీజీ. ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదివినంత మాత్రాన కేయూ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ సీటు రాదు. ప్రైవేటులో చదివినంత మాత్రాన పోదు. అందరూ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సీపీగెట్, రాయాల్సిందే. ఒకప్పుడు కేయూ ప్రవేశ పరీక్ష కేయూది, ఉస్మానియాది ఉస్మానియాదిగా ఉండేవి. ఇప్పుడు రాష్ట్రంలోని సంప్రదాయ విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒకటే పరీక్ష, నిర్వహించేది ఉస్మానియా. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, డిగ్రీ సిలబస్ నుంచే. ఆ ర్యాంకుతో కేయూ కావాలో, ఉస్మానియా కావాలో ఆప్షన్ పెట్టుకోవచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి పోటీ గట్టిగా ఉంటుంది, బోటనీ, జువాలజీలకు అంత ఉండదు. మీ బాబు ఫస్టియర్ నుంచే ప్రతి సెమిస్టర్ నోట్సు పారేయకుండా దాచుకుంటే చివరి ఏడాది కోచింగ్ డబ్బులు మిగులుతాయి. టీచర్ కావాలనుకుంటే బీఈడీకి ఎడ్‌సెట్ వేరే ఉంది, దానికి డిగ్రీ చివరి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.